ఓఫీలియాను పిచ్చిదానిని చేసినది ప్రేమయేనా?

గత సంవత్సరపు ఉగాదికి ఏ నాటకము ఆడవలెనని మన సంఘమువారు సమావేశమైనప్పుడు, పిల్లలు నలుగురైదుగురు ముందునకు వచ్చి, షేక్‌స్పియరు ‘హామ్లెట్’ను ఒక గంటకు కుదించి తెలుగున ఆడెదమని అడిగిరి. పెద్దలు వలదనిరి. వారు చెప్పిన కారణములు మూడు. మొదటిది: అది పరదేశపు కథ, మనకు పట్టదు. రెండవది: అందులో ఒక పిల్ల ప్రేమించి, ఆ ప్రేమవలన పిచ్చిదై, నీట పడి చచ్చును, పండుగనాడు అట్టి అమంగళము ఏల? మూడవది గొంతు తగ్గించి చెప్పినది: మనము పరభాషా ప్రాంతమున ఉన్నవారము, ఎదిగిన ఆడపిల్లలున్న ఇండ్లు మనవి, ప్రేమయను మాటను రంగముమీద పలికించి వారి మనస్సులు చెరుపరాదు. చివరకు హరిశ్చంద్రుని కాటిసీను, బాలికల కోలాటము నిశ్చయమైనవి.

ఆనాడు నేనును ఆ సభలో ఉంటిని. ఇచ్చిన చాయ త్రాగి, నోరు మెదపక ఇంటికి వచ్చితిని. ఆ మౌనము నన్ను ఏడాది పొడుగునను బాధించినది. సంచికకు ఏదైన వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినందున, ఆనాడు చెప్పవలసినదానిని నేడు చెప్పుచున్నాను. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను ప్యాసై, ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి విరమించినవాడను. నాకు తెలిసిన విద్య ఒక్కటే: కాగితమును మొదటినుండి చివరివరకు చదివి, ఏ తేదీన ఎవరు ఏమి వ్రాసిరో చూచి, తప్పు ఎవరిదో కనుగొనుట. ‘హామ్లెట్’ నాటకమును గూడ అట్లే ఒక దస్త్రమును చదివినట్లు చదివితిని. చదివినకొలది మన పెద్దల రెండవ మాట తప్పని తోచినది. ఆ తప్పులో నా పాలు ఎంతయో గూడ తోచినది. దానిని చివర చెప్పెదను.

హరిశ్చంద్రునిపై నాకు వైరము లేదు. కాటిసీను పద్యములు నేటికిని నాకు కంఠస్థములు. కాని అమంగళమను మాటకు మాత్రము జవాబు చెప్పక తప్పదు. ఆ నాటకమున భర్త భార్యను అంగడిలో నిలువబెట్టి అమ్మును. బిడ్డ పాము కరచి చచ్చును. శవమునకు కాటిసుంకము అడుగుదురు. కట్టుకొన్నవాడే భార్య మెడమీదికి కత్తి ఎత్తును. ఇది అంతయు పండుగనాడు మంగళమై, తండ్రిని పోగొట్టుకొన్న ఒక పిల్ల పూలు పంచుచు పాడిన పాట మాత్రము అమంగళమెట్లైనది? చావు మనకు అడ్డు కాదు. చెప్పినట్లు విని చచ్చిన ఆడుది మనకు అడ్డు కాదు. తన మనస్సు విప్పిన ఆడుదియే మనకు అమంగళము. పెద్దలు కోపింపకుండ ఈ మాటను ఒకసారి తూచి చూడవలెను.

ఇక పరదేశపు కథయను మొదటి మాట. మనము నివసించు ఈ మహారాష్ట్రమున గోపాల గణేశ ఆగర్కరుగారు 1883లోనే ‘హామ్లెట్’ను ‘వికారవిలసిత’మను పేర మరాఠీలోనికి తెచ్చిరి. గణపతరావు జోషీగారు హామ్లెట్ వేషమున మరాఠీ జనమును ఉర్రూతలూగించిరి. వృద్ధుడైన రాజును కుమార్తెలు వీధిపాలు చేయగా మతి చలించిన లియర్ కథనుండి ఊపిరి తీసుకొని శిర్వాడ్కరుగారు వ్రాసిన ‘నటసమ్రాట్’ 1970లో రంగమునకు వచ్చినది. దానిని చూచి కన్నీరు పెట్టని మరాఠీ కుటుంబము అరుదు. మన జిల్లాలోనే, సిందేవాహీ, నాగభీడ్, బ్రహ్మపురి ప్రాంతములందు, దీపావళి దాటినది మొదలు తెల్లవార్లు సాగు ఝాడీపట్టీ నాటకములకు మనలో ఎందరు దుప్పట్లు కప్పుకొని పోలేదు? పొరుగువాడు నూరేండ్లకు ముందే ఇంటిలోనికి తెచ్చుకొన్న కథ మనకు మాత్రము పరదేశపుదైనది!

మన తెలుగువారి సంగతి చూతము. తెలుగున తొలి విషాదాంత నాటకముగా పేరుగన్న ‘విషాద సారంగధర’ను వ్రాసిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) బళ్ళారి నివాసి. రంగముమీద మరణము చూపరాదని, కథ శుభముగా ముగియవలెనని సంస్కృత లక్షణకారులు చెప్పిన నియమమును దాటి, విషాదమును తెలుగు ప్రేక్షకుని కన్నులకు చూపినవారు ఆయన. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవగారు (1880–1946) షేక్‌స్పియరు పాత్రలను ధరించి మెప్పు పొందిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, తమ నాటకములందు వారికి చోటిచ్చిరి. ఆ బళ్ళారి నేడు కర్ణాటకములో ఉన్నది. అనగా తెలుగు నాటకమునకు విషాదము నేర్పినది మనవలెనే పొరుగుభాషలతో కలిసి బ్రతికిన తెలుగువారి ఊరు. అట్టివారు భయపడక చేసిన పనికి మనము భయపడుచున్నాము.

ప్రేమయు ఉన్మాదమును కలిపి చూచుటయు మనకు క్రొత్త గాదు. భరతుని నాట్యశాస్త్రము కామావస్థలను పదిగా లెక్కించి, అందు ఉన్మాదమును ఏడవదిగా, మరణమును పదవదిగా చెప్పినది. కాళిదాసుని ‘విక్రమోర్వశీయము’ నాలుగవ అంకమంతయు ప్రియురాలిని పోగొట్టుకొన్న పురూరవుడు అడవిలో మేఘమును, నెమలిని, కోకిలను, ఏనుగును అడుగుచు తిరుగుటయే. ఆ రాజు పిచ్చిని మనము రసమందుము, కవిత్వమందుము, పాఠశాలలో బోధింతుము. వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ (1897) తెలియని తెలుగువాడు ఉండడు. ఢిల్లీలో బందీయైన కాకతి ప్రభువును విడిపించుటకు మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషము వేసి ఆ నగర వీధులలో తిరుగును. ఓరుగల్లు మనకు పరాయి దేశము కాదు; బల్హార్షాలో బండియెక్కినచో కాజీపేటకు ఒక పూట ప్రయాణము. మన తాతలు ఆ పిచ్చి మాటలకు పొట్ట చెక్కలగునట్లు నవ్విరి. అది పిచ్చి కాదు, రాజనీతి అని మెచ్చుకొనిరి.

హామ్లెట్‌ది గూడ అట్టి పిచ్చియే. తండ్రి ప్రేతము వచ్చి, నన్ను చంపినవాడు నా తమ్ముడేయని చెప్పిన రాత్రి, మొదటి అంకమునందే, అతడు తన స్నేహితులతో, ఇకముందు నేను వింతగా ప్రవర్తించినను మీరు ఏమియు తెలియనట్లుండుడని ఒట్టు పెట్టించుకొనును. మూడవ అంకమున తల్లితో, నాది నిజమైన పిచ్చి కాదు, ఉపాయపు పిచ్చి యని స్పష్టముగ చెప్పును. ఉపాయము ఎచ్చట ముగిసి నిజమైన మనోవ్యథ ఎచ్చట మొదలైనదని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. వాదింపనిండు. పురుషుని పిచ్చి విషయమున ఎంత శ్రద్ధ ఉన్నదో చూడుడు! దానికి కారణము వెదకుదురు, ప్రయోజనము వెదకుదురు, తత్త్వము వెదకుదురు. ఓఫీలియా పిచ్చికి మాత్రము ఒక్కమాటలో తీర్పు చెప్పి దస్త్రము మూసివేయుదురు: ప్రేమించినది, పిచ్చెక్కినది, చచ్చినది.

ఆ దస్త్రమును తెరచి చూతము.

మొదటి అంకము, మూడవ రంగము. ఓఫీలియా అన్న లేయర్టీస్ ఫ్రాన్సునకు పోవుచు, హామ్లెట్ మాటలు నమ్మవలదని చెల్లెలికి నీతులు చెప్పును. తరువాత తండ్రి పొలోనియస్ వచ్చి, ఇకమీదట అతనితో మాటలాడనే గూడదని ఆజ్ఞాపించును. ఆమె సరేయనును. రెండవ అంకమున హామ్లెట్ చెదరిన బట్టలతో ఆమె గదిలోనికి వచ్చి, పలుకక చూచి, నిట్టూర్చి పోవును. ఆమె భయపడి తండ్రికి చెప్పును. అంతట పొలోనియస్, విచారణ లేకయే, ఇది ప్రేమోన్మాదమని నిర్ణయించును. మహాశయులారా, ప్రేమవలన పిచ్చి పుట్టినదను మాట ఈ నాటకమున మొదట చెప్పినవాడు ఈ పొలోనియస్! మన పెద్దలు రెండవ కారణముగ చెప్పిన మాట షేక్‌స్పియరుది కాదు. అన్నియు తనకే తెలియునని తలచి, చాటునుండి వినుచు, పొరబడి చచ్చిన ఒక ముసలివాని మాట.

పొలోనియస్ అంతటితో ఆగలేదు. కూతురికి వచ్చిన ప్రేమలేఖను రాజు రాణుల ఎదుట బిగ్గరగా చదివెను. ఆ ఉత్తరము ఎవరిది, ఎవరికి వ్రాసినది, ఎవరు చదువుచున్నారు? ఆ పిల్ల అనుమతి అడిగినవారు లేరు. మూడవ అంకమున ఆమె చేతికి ఒక పుస్తకమిచ్చి, హామ్లెట్ వచ్చు దారిలో ఎరగా నిలువబెట్టి, తండ్రియు రాజును చాటున దాగిరి. హామ్లెట్ ఆమెను నానా మాటలని, సన్న్యాసినుల మఠమునకు పొమ్మని పోయెను. ఆ సంభాషణ విన్న పిదప రాజు క్లాడియస్ ఏమనెను? ఇది ప్రేమయు కాదు, పిచ్చియు కాదు, ఇందు అపాయమున్నది, ఇతనిని ఇంగ్లండునకు పంపవలెను అనెను. అన్నను చంపిన పాపి గూడ కనుగొన్న నిజమును కన్నతండ్రి కనుగొనలేకపోయెను. పొలోనియస్ మాత్రము, మూలకారణము ప్రేమాభంగమేయని తన పాత మాటనే పట్టుకొని యుండెను.

తరువాత తెరచాటున దాగిన పొలోనియస్‌ను హామ్లెట్ పొడిచి చంపెను. శవమును గుట్టుగా, మర్యాద లేకుండ పూడ్చిరి. హామ్లెట్‌ను దేశము దాటించిరి. అన్న ఫ్రాన్సులో ఉన్నాడు. ఈ పిల్లకు తల్లి ఉన్నట్లు నాటకమున ఎచ్చటను లేదు. నాలుగవ అంకము, ఐదవ రంగమున ఆమె మతి తప్పి వచ్చును, పాటలు పాడును, ఒక్కొక్కరికి ఒక్కొక్క పూవు, ఆకు ఇచ్చును. ఆ పాటలలో సగము చనిపోయిన ముసలివానిని గూర్చినవి. సగము మోసపోయిన పిల్లను గూర్చినవి. తండ్రి చనిపోయినప్పుడు వయొలెట్ పూలన్నియు వాడిపోయినవని చెప్పి దుఃఖించును. ఇపుడు చెప్పుడు: పిచ్చికి కారణమేది? ప్రేమించిన హృదయమా, లేక ఆ హృదయమును గూర్చి ఒక్క మాటయైన చెప్పుకొనుటకు మనిషి లేకుండ చేసిన ఇల్లా? తండ్రిని చంపినవాడు తాను ప్రేమించినవాడు. తండ్రికై ఏడ్చినచో ప్రియునిపై పగ. ప్రియునికై ఏడ్చినచో తండ్రికి ద్రోహము. ఆ పిల్లకు బుద్ధి నిలిచియున్నచో అదియే ఆశ్చర్యము.

ఇంకొక్క సంగతి చూడవలెను. బుద్ధి నిలిచియున్నంతకాలము ఓఫీలియా మాటలు ఎక్కువగా చెప్పినట్లు వింటిననుట, నేనేమియు తలపననుట. మతి తప్పిన పిదపనే ఆమె రాజును, రాణిని కన్నులలోనికి చూచి మాటలాడినది. మన మహాకాళీ జాతరలో చైత్రమున మనము చూచునది ఇదియే కాదా? ఇంటిలో ఏనాడును నోరెత్తని కోడలు పూనకము వచ్చినంతనే మామను పేరుపెట్టి పిలిచి అడుగును. అందరును చేతులు జోడించి విందురు. అమ్మవారి గొంతుతో చెప్పినచో విందుము. తన గొంతుతో చెప్పినచో పిచ్చి అందుము.

ఐదవ అంకమున ఓఫీలియాను పూడ్చునప్పుడు పురోహితుడు, ఈ మరణము అనుమానాస్పదము, కర్మలు పూర్తిగా చేయనని సణుగును. అప్పుడు హామ్లెట్ వచ్చి, నలువదివేల అన్నల ప్రేమ కలిపినను నా ప్రేమకు సాటి రాదని గోరీలోనికి దుమికి కేకలు వేయును. బ్రతికియున్ననాడు చెప్పని మాటను శవమునకు చెప్పెను. అటుపిమ్మట లేయర్టీస్‌ను క్షమింపుమని అడుగుచు, నీకు కీడు చేసినది హామ్లెట్ కాదు, హామ్లెట్ పిచ్చియని చెప్పెను! పురుషునకు పిచ్చి ఒక సాకు. తప్పునుండి తప్పించుకొను దారి. స్త్రీకి పిచ్చి ఒక ముద్ర. ఆమె చెప్పినదంతయు కొట్టివేయుటకు అధికారి వేసిన ముద్ర. నాటకమంతయు చదివి నేను తెలిసికొన్నది ఇది.

మన సారంగధర కథలో గూడ ఈ లెక్కయే. వృద్ధరాజు పడుచు భార్య చిత్రాంగి, సవతి కుమారుని కోరినది. కాదనగా నింద మోపినది. ఆ నింద ఘోరమైన పాపము. దానిని నేను సమర్థింపను. మన మరాఠీ ఇరుగుపొరుగువారు శ్రావణమున పారాయణము చేయు ‘నవనాథ భక్తిసార’మందలి చౌరంగీనాథుని కథయు దీనికి సోదరియే. తరతరములుగ చిత్రాంగిని మోహముతో కళ్ళు మూసికొనిపోయిన పిచ్చిదియని తిట్టుచున్నాము. సరే. కాని ఒక్క మాట విని, విచారణ లేక, సాక్షిని పిలువక, కన్నకొడుకు కాలుసేతులు నరికించిన రాజును పిచ్చివాడని ఎవరైన అనిరా? ఆయన కోపము కోపమే. ఆమె కోరిక మాత్రము పిచ్చి. మనుమరాలి వయస్సు పిల్లను ముసలిరాజునకు కట్టిపెట్టిన వ్యవహారమును గూర్చి ప్రశ్నించిన ప్రేక్షకుడు ఎవడు?

ఇపుడు నా పాలు చెప్పవలసిన సమయము వచ్చినది. దీనిని నా చెల్లెలి అనుమతితో వ్రాయుచున్నాను. “రాయన్నా. పేరు మాత్రం రాయకు” అని ఆమె అనెను.

1983వ సంవత్సరము. నేను ఉద్యోగమున చేరి కొంతకాలమైనది. మా చెల్లెలు టైపు నేర్చుకొనుటకు పోవుచుండెను. అచ్చట ఒక మరాఠీ యువకునితో స్నేహము కలిగెను. పెండ్లి చేసికొనెదమని ఆమెయే ఇంటిలో చెప్పెను, దాచలేదు. మా నాయన ఆమెను ఆ దినమునుండి గడప దాటనీయలేదు. ఆ యువకుడు బదిలీయై పోయి ఉత్తరములు వ్రాసెను. తపాలా బంట్రోతు నాకు తెలిసినవాడు. ఇంటికి పోవు ఉత్తరములను నా చేతికే ఇచ్చుచుండెను. నేను వానిని ఆమెకు ఇయ్యలేదు. చింపుటకు మనసు రాలేదు. ఒక పాత దస్త్రములో పెట్టి నా బల్ల సొరుగున దాచితిని. ఉత్తరము రాలేదు, వాడు మరచినాడు అని ఆమెకు చెప్పితిని. ఆమె తినుట మానెను, పిదప మాటలాడుట మానెను. చుట్టములు అడిగినప్పుడు, “దానికి జర పిచ్చి లేచింది” అని చెప్పినది నా నాయన కాదు, నేను. గోదావరి అవతలి మా ఊరికి తీసికొనిపోయి తాయెత్తు కట్టించితిమి, వేపమండలతో కొట్టించితిమి. ఆ మాట చుట్టములలో ప్రాకినది. పిచ్చిపిల్లయని తరువాత ఏ సంబంధమును రాలేదు. ఏడాదికి ఆమె లేచి, మాటలాడి, ఇంటి పనులలో పడినది. ముద్ర మాత్రము పోలేదు.

2001లో మా నాయన పోయిన పిదప ఆ దస్త్రమును ఇంటికి తెచ్చి ఆమె చేతికిచ్చితిని. ఆమె ఏడువలేదు, తిట్టలేదు. ఉత్తరములను ఒక్కొక్కటిగా లెక్కపెట్టెను. “ఏడేనా అన్నా?” అని అడిగెను. ఏడేయని చెప్పితిని. అంతకుమించి ఆ విషయమున మాకు మాటలు జరుగలేదు. నేటికి ఆమెకు అరువదిమూడేండ్లు. ఇంటి జమాఖర్చులు ఆమెయే వ్రాయును. లెక్క ఒక్క పైసా తప్పదు. దినపత్రిక నాకంటె ముందు చదువును. ఈమెను నేను పిచ్చిదంటిని.

కావున పొలోనియస్‌ను చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. అతడు దుర్మార్గుడు కాడు. కూతురి మేలు కోరినవాడే. తన ఇంటి పరువు, తన ఉద్యోగము, రాజుగారి దయ అన్నియు లెక్కించుకొన్నవాడు. మనము గూడ అట్టివారమే. అందువలననే ఆ నాటకము మనకు అవసరము.

గుమాస్తాను గనుక చట్టము మాట గూడ చెప్పెదను. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. దాని 3వ సెక్షను ప్రకారము, తన సమాజమున చెల్లుచున్న నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకు ఒకరు లోబడకపోవుట మానసిక రోగమును నిర్ణయించుటకు ఆధారము కారాదు. 115వ సెక్షను ప్రకారము, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మనోవ్యథలో ఉండిరనియే భావింపవలెను. వారికి సంరక్షణ కల్పించు బాధ్యత ప్రభుత్వమునది. ఓఫీలియా గోరీవద్ద సణిగిన పురోహితునకు మన చట్టము చెప్పిన జవాబు ఇది. 2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో, వయస్సు వచ్చిన ఇరువురు ఒకరినొకరు వరించినప్పుడు కుటుంబము, కులము, సంఘము సమ్మతి అవసరము లేదని తీర్పు చెప్పినది. కులాంతర, మతాంతర వివాహములకు ప్రత్యేక వివాహ చట్టము 1954నుండియే ఉన్నది. మన ఇండ్లలోని తీర్పులు మాత్రము ఇంకను పొలోనియస్ కచ్చేరిలోనే జరుగుచున్నవి.

ఇందుచేత మనోవ్యాధి లేనేలేదని నేననుట లేదు. నిజమైన వ్యాధి కలదు. అది జ్వరమువలె వచ్చును, వైద్యమునకు లొంగును, అందు సిగ్గుపడవలసినది లేదు. టెలీమానస్ అను ప్రభుత్వపు సేవ 2022 అక్టోబరునుండి నడుచుచున్నది. 14416 అను నంబరునకు ఏ వేళనైన ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగునను మరాఠీనను మాటలాడవచ్చును. రోగమును రోగమని గుర్తించి వైద్యుని పిలువవలెను. కోరికను మాత్రము రోగమని పిలువరాదు. ఈ రెండును కలిపివేయుటవలన నిజమైన రోగికి మందు దొరకదు, రోగము లేనివారికి తాయెత్తు దొరకును.

ఇక మూడవ కారణము, గొంతు తగ్గించి చెప్పినది. దానిని నేను హేళన చేయను. ఆ భయము నిజమైనది. గనులకు, కాగితపు మిల్లునకు, రైల్వేకు వచ్చి మన తాతలు ఈ చాందా జిల్లాలో కాపురము పెట్టిరి. బడి మరాఠీ, అంగడి హిందీ, ఉద్యోగము ఇంగ్లీషు; తెలుగు మన వంటింటిలో మిగిలినది. పిల్ల పరభాషవానిని పెండ్లాడినచో ఆ వంటింటి తెలుగు గూడ పోవునను దిగులు నాకును ఉన్నది. కాని భాష పోవుటకు మొదటి మెట్టు పెండ్లి కాదు. తన మనస్సులోని ముఖ్యమైన మాటను ఇంటిలో చెప్పరాదని పిల్లకు తెలిసిననాడే ఆ ఇంటిభాష ఆమెకు పనికిరానిదగును. స్నేహితురాలితో మరాఠీలో చెప్పుకొనును. ఫోనులో ఇంగ్లీషున వ్రాసికొనును. తెలుగు ఆమెకు “తిన్నావా, పడుకో” అను రెండు మాటల భాషగ మిగులును. నా చెల్లెలు తనకు కావలసినదానిని తెలుగుననే అడిగినది. మేము ఆమెకు తెలుగున జవాబు చెప్పలేదు, తాళము వేసితిమి.

పిల్లలు చెడిపోవుదురందురా? ఓఫీలియా కథను చూచి పిచ్చిని ప్రేమించు పిల్ల ఉండదు. తండ్రి చదువరాని ఉత్తరమును చదువుటను, అన్న తాను పాటింపని నీతిని చెల్లెలికి చెప్పుటను, ప్రియుడు తన కోపమును బలహీనురాలిమీద తీర్చుకొనుటను వారు చూతురు. మగపిల్లలు గూడ చూతురు. హామ్లెట్‌వలె ప్రేమించి అవమానించుట ప్రేమ కాదని తెలిసికొందురు. ఇంతకంటె మేలైన పాఠము కోలాటమున దొరకునా?

కావున సంఘమువారికి నా మనవి. రాబోవు ఉగాదికి పిల్లల కోరికను మన్నింపుడు. గంటకు కుదించునప్పుడు కత్తియుద్ధము తగ్గించినను తగ్గింపుడు. నాలుగవ అంకమున ఓఫీలియా పూలు పంచు రంగమును మాత్రము తీసివేయవలదు. ఆ పాత్రను ఆడపిల్లయే ధరింపవలెను. పొలోనియస్ వేషమునకు మనిషి దొరకనిచో నేను సిద్ధముగ నున్నాను. అరువదియేడేండ్ల వయస్సు ఆ వేషమునకు తగును, అభ్యాసమును కొంత కలదు. మా చెల్లెలు ముందు వరుసలో కూర్చుండెదనని చెప్పినది.

పెద్దల మనస్సు నొప్పించినచో మన్నింపవలెను. నేను చెప్పినది తప్పని తోచినవారు వచ్చే సంచికలో వ్రాయుదురుగాక, సంతోషముతో చదివెదను.